పెరాలసిస్ చేతికి రోబో ప్యాకేజీ అని డబ్బు కట్టే ముందు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య మన వైజాగ్‌లో పెరాలసిస్ పేషెంటు ఉన్న ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే అడుగుతున్నారు, "మేడం, రోబో ఫిజియో అంట, అది చేయిస్తే చెయ్యి వచ్చేస్తాదేటి?" అని. ఎవరో వాట్సాప్‌లో వీడియో పంపుతారు, అందులో ఒకాయన చెయ్యి మిషన్‌లో పెట్టి ఉంటుంది, ఎదురుగా స్క్రీన్ మీద బొమ్మలు కదుల్తుంటాయి, పక్షవాతానికి ఆధునిక చికిత్స అని కింద పెద్ద అక్షరాలు. పేపర్లలో కూడా అలాంటివే వస్తున్నాయి, మీ పేపర్లో కూడా చూశాను, చదవడానికి బాగానే ఉంటుంది కానీ చదివిన తర్వాత ఆ ఇంట్లో వాళ్ళు ఏం చెయ్యాలో తెలీదు, డబ్బులు మాత్రం వెతుక్కోవడం మొదలుపెడతారు. నేను గాజువాక, కూర్మన్నపాలెం, పెదగంట్యాడ వైపు ఇళ్ళకి వెళ్ళి ఫిజియోథెరపీ చేస్తాను, చాలా ఏళ్ళ నుంచీ ఇదే పని. అందుకే రాయాలనిపించింది, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి.

ముందే ఒక మాట. మిషన్లు వస్తే తన పని పోతుందని భయపడి ఈవిడ రాసింది అనుకునేవాళ్ళు ఉంటారు, దయచేసి అలా అనుకోవద్దు. నా దగ్గరున్న పేషెంట్లలో చెయ్యి మొత్తం పడిపోయి భుజం కూడా ఎత్తలేని వాళ్ళున్నారు, వాళ్ళకి అందుబాటులో ఒక మంచి మిషన్ ఉంటే నేనే ఆటోలో తీసుకెళ్ళి కూర్చోబెడతాను. నా బాధల్లా ఆ మిషన్ దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు అనేది డబ్బు కట్టేవాళ్ళకి ఎవరూ చెప్పట్లేదు అని.

అసలు ఈ రోబో అంటే మనిషి ఆకారంలో ఉండేది కాదు. ఇందులో అన్నిటికన్నా ఎక్కువ పరీక్షించినది అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఎంఐటీ-మానస్ అనే మిషన్, నెవిల్ హోగన్, హెర్మానో ఇగో క్రెబ్స్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 1989లో మొదలుపెట్టిన పని. టేబుల్ ముందు పేషెంటుని కూర్చోబెట్టి ముంజేతిని ఒక ఊతలో పెట్టి బెల్టుతో కట్టి హ్యాండిల్ పట్టిస్తారు, స్క్రీన్ మీద మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ ఎనిమిది చుక్కలు ఉంటాయి, వెలిగిన చుక్క దగ్గరికి చేతిని తీసుకెళ్ళి మళ్ళీ మధ్యలోకి తేవాలి. పేషెంటు తనంతట తను కదిపితే మిషన్ ఊరుకుంటుంది, కదపలేకపోతే మెల్లిగా అదే తీసుకెళ్తుంది. ఇందులో తెలివంతా అక్కడే ఉంది, ఎంత అవసరమో అంతే సాయం చేస్తుంది, పేషెంటు ప్రయత్నాన్ని మింగెయ్యదు. వేరే కంపెనీల మిషన్లు కొన్ని చేతికి కవచంలాగా తొడుగుతారు, కొన్ని వేళ్ళకి మాత్రమే ఉంటాయి, కానీ అన్నిట్లోనూ మూల సూత్రం ఇదే.

ఇది ఎందుకు కావాల్సొచ్చిందంటే, స్ట్రోక్‌లో మెదడులో కొంత భాగం చచ్చిపోతే దాని పని పక్కనున్న భాగాలు నేర్చుకోవాలి, నేర్చుకోవాలంటే అదే కదలికని మళ్ళీ మళ్ళీ చెయ్యాలి, అదీ పదులు కాదు, వందల్లో. కానీ మా థెరపీలో ఏం జరుగుతోంది? కేథరిన్ ల్యాంగ్ అనే పరిశోధకురాలూ ఆవిడ టీమూ అమెరికా, కెనడాల్లో సెషన్లు జరుగుతుంటే పక్కన కూర్చుని లెక్కపెట్టారు, 2009లో అది అచ్చైంది, చేత్తో పని చేయించే ప్రాక్టీసు ఒక సెషన్లో సగటున 32 సార్లే జరుగుతోందని తేలింది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో మెదడు మారడానికి వందలసార్లు చేయించారు. ఎంఐటీ మిషన్ మాత్రం ఒక్క సెషన్లో వెయ్యి కదలికల దాకా చేయిస్తుంది. నా చేతులతో నేను అన్నిసార్లు చేయించలేను, పేషెంటుకి ఓపిక ఉన్నా నాకు నడుం పట్టేస్తుంది. కాబట్టి మిషన్ వెనక ఉన్న ఆలోచన చాలా మంచిది, దాన్ని ఎవరూ కాదనరు.

మరి ఫలితం ఏంటి అంటే, ఇక్కడే పేపర్లు రాయని భాగం ఉంది. 2010లో అమెరికాలో మాజీ సైనికుల మీద ఒక ట్రయల్, అంటే పేషెంట్లని గ్రూపులు చేసి పోల్చి చూసే పరీక్ష, చేశారు, 127 మంది, అందరికీ స్ట్రోక్ వచ్చి కనీసం ఆరు నెలలు దాటింది. కొందరికి రోబో, కొందరికి అంతే గట్టిగా మనిషి చేయించే థెరపీ, కొందరికి మామూలు వైద్యం. 12 వారాల తర్వాత చూస్తే రోబోకీ మిగతావాటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు, 36 వారాలకి చూస్తే మామూలు వైద్యం కన్నా రోబో వాళ్ళు కొంచెం మెరుగ్గా ఉన్నారు, ఎంతంటే చెయ్యి కదలికకి వేసే 66 మార్కుల స్కేలు మీద మూడు మార్కులు కూడా నిండని తేడా. మనిషి గట్టిగా చేయించిన థెరపీ కన్నా మాత్రం మెరుగు కాదు. తర్వాత బ్రిటన్‌లో ఇంకా పెద్దది, రాటుల్స్ అని, 770 మంది మీద, 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇదే ఎంఐటీ మిషన్, ఒక్కోసారి 45 నిమిషాలు, వారానికి మూడుసార్లు, 12 వారాలు. చెయ్యి పనిలో తగినంత మెరుగు కనపడినవాళ్ళు రోబో గ్రూపులో నూటికి 44 మంది, థెరపిస్టు దగ్గరుండి అదనంగా పనులు చేయించిన గ్రూపులో 50 మంది, మామూలు వైద్యం గ్రూపులో 42 మంది. ఈ తేడాలు కూడా గట్టిగా నిలబడేవి కావని, అంటే యాదృచ్ఛికంగా కూడా వచ్చి ఉండొచ్చని వాళ్ళే రాశారు, ఖర్చుకి తగ్గ ఫలితం లేదని కూడా రాశారు. ఆ తర్వాత 2023లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ స్ట్రోక్ తర్వాత చేతికి రోబో ట్రైనింగ్ ఇవ్వొద్దని నేరుగా చెప్పేసింది, అదే పుస్తకంలో అవసరమైన వాళ్ళకి రోజుకి కనీసం మూడు గంటలు, వారానికి ఐదు రోజులు రిహాబిలిటేషన్ ఇవ్వమని కూడా చెప్పింది.

రెండో వైపు కూడా చెప్పాలి కదా. 2018లో వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ వాళ్ళు 45 ట్రయల్స్, 1619 మంది లెక్కలు కలిపి చూస్తే ఇలాంటి మిషన్ల వల్ల చేతి బలం, చేతి కదలిక, రోజువారీ పనులు కొంత మెరుగుపడ్డాయని వచ్చింది. అందులో చిన్న ట్రయల్స్ చాలా ఉన్నాయి, ఒకదానికొకటి పోలిక లేని మిషన్లున్నాయి, అయినా దాన్ని దాచిపెట్టి మాట్లాడ్డం న్యాయం కాదు. అన్నీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది, మిషన్ ఒక సాధనం, బాగా పడిపోయిన చేతికి ఎక్కువసార్లు కదలిక ఇస్తుంది, కానీ ఒక్కదాన్ని తెచ్చి పెట్టేస్తే చెయ్యి తిరిగి పనిలోకి రాదు.

ఎందుకు రాదో రాటుల్స్‌లోనే ఉంది. రోబో వాళ్ళకి కదలిక మార్కులు పెరిగాయి, అంటే భుజం, మోచెయ్యి ఇదివరకు కన్నా బాగా కదిలాయి, కానీ ఆ కదలిక పనుల్లోకి రాలేదు. చెయ్యి పని ఎంతో చూడ్డానికి వాళ్ళు పెట్టిన పరీక్షలో 19 అంశాలుంటాయి, చెక్క దిమ్మలు ఎత్తి షెల్ఫ్ మీద పెట్టడం, గోలీ కాయ వేళ్ళతో పట్టుకోవడం, ఒక గ్లాసులో నీళ్ళు ఇంకో గ్లాసులోకి వంచడం, చెయ్యి తల వెనక్కి పెట్టడం, నోటి దాకా తీసుకెళ్ళడం ఇలాంటివి. టేబుల్ మీద హ్యాండిల్ పట్టుకుని ఇటూ అటూ జరపడంలో వేళ్ళు తెరుచుకోవాల్సిన పని లేదు, బరువు తెలుసుకోవాల్సిన పని లేదు. అన్నం ముద్ద కలపడం చూడండి, వేళ్ళు తెరవాలి, మళ్ళీ ముడవాలి, బొటనవేలు మిగతా నాలుగిటి కిందకి రావాలి, వేడి తెలియాలి, మణికట్టు తిరగాలి, పప్పు కారిపోకుండా మోచెయ్యి ఎత్తాలి. మన పేషెంట్లకి కుడి చెయ్యి పడిపోతే అన్నిటికన్నా పెద్ద దుఃఖం అదే, ఎడంచేత్తో స్పూన్ పట్టుకుని నలుగురిలో తినాలంటే సిగ్గుపడి పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసిన వాళ్ళని నేను చూశాను. ఆడవాళ్ళైతే చీర కుచ్చిళ్ళు, జడ, బ్లౌజు హుక్కులు, ప్రతిదానికీ కూతుర్నో కోడల్నో పిలవాలి. వీళ్ళకి కావాల్సింది ఈ పనులు.

గంగవరం వైపు ఒకాయన ఉన్నారు, సముద్రంలో చేపల వేటకెళ్ళే మనిషి, ఎడం వైపు స్ట్రోక్. చెయ్యి భుజం దాకా లేచేది కానీ వేళ్ళు మాత్రం పిడికిలి బిగించినట్టే ఉండేవి, విప్పితే మళ్ళీ ముడుచుకునేవి. క్లినిక్‌లో ఇచ్చిన ఎక్సర్‌సైజుల కాగితం గోడకి అంటించుకున్నారు కానీ చెయ్యబుద్ధి కాదు ఆయనకి, "ఈ గాల్లో చెయ్యి ఊపడం ఏటమ్మా, దీనివల్ల ఏటొస్తాది" అనేవారు. ఇంటి ముందు చిరిగిన వల కుప్ప పడుంది. దాన్ని కిటికీ ఊచకి కట్టి ఎడమ బొటనవేలు వల కన్నులోకి దూర్చి లాగి పట్టుకోమన్నాను, అంతే, కుడిచేత్తో సూది ఎలాగూ ఆడుతుంది. మొదట్లో వేలు దూర్చడానికే నేను మణికట్టు పైకి ఎత్తి పట్టుకోవాల్సొచ్చేది, మణికట్టు పైకి లేస్తే పట్టు వస్తుంది, కిందకి వాలితే వేళ్ళు కాస్త తెరుచుకుంటాయి, అది ఆయనకి చేతిలోనే అర్థమైపోయింది. ఒక కన్ను బిగిస్తే ఇంకో కన్ను, అది అయ్యాక ఇంకోటి, ఎన్నిసార్లు పట్టారో విడిచారో ఎవరూ లెక్కపెట్టలేదు కానీ నేను వెళ్ళిపోయిన తర్వాత కూడా సాయంత్రం దాకా అరుగు మీద అదే పని మీద ఉండేవారట. కొన్ని నెలలకి బొటనవేలూ చూపుడువేలూ కలిపి దారం పట్టడం వచ్చింది. మళ్ళీ వేటకి వెళ్ళలేదు, ఆ చెయ్యి పూర్తిగా మామూలైపోయిందని నేను చెప్పను, కానీ ఊళ్ళో వాళ్ళ వలలు బాగుచేసి ఇస్తున్నారు, దానికి డబ్బులు తీసుకుంటున్నారు. ఇలా అందరికీ అవుతుందని కాదు, ఆయనకి మొదట్నించీ వేళ్ళలో కొంచెం ప్రాణం ఉంది కాబట్టి అయింది.

ఇంకో ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఆ ఇంటావిడకి స్ట్రోక్ వచ్చి ఏడాది దాటింది, కొడుకు స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్ట్ లేబరు. ఒక సెంటర్ వాళ్ళు రోబో ప్యాకేజీ అని చెప్పారు, కోడలి గాజులు గోల్డ్ లోన్ పెట్టి కట్టారు. ముందుగా చెయ్యి ఏ స్థితిలో ఉందో కొలిచిన కాగితం లేదు, అయ్యాక కొలిచిన కాగితం లేదు, మిషన్ ముందు కూర్చోబెట్టేవాళ్ళు, అబ్బాయి ఒకడు స్విచ్ వేసేవాడు, టైం అవగానే ఆపేసేవాడు. ఆ సెషన్లు అయిపోయాయి, ఆవిడ భుజం కొంచెం బాగా కదుల్తోంది నిజమే, కానీ కాఫీ గ్లాసు ఇప్పటికీ పట్టుకోలేదు, ఇంటికొచ్చి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఆ డబ్బుతో ఎన్ని నెలలు మనిషి వచ్చి చేయించేదో తల్చుకుంటే నాకు కడుపు మండిపోతుంది. సెంటర్ పేరు నేను రాయను, ఒక్క సెంటర్ గురించి కాదు నేను చెప్పేది.

మొదటి వారాల్లో ఇంట్లో జరిగేవి ఇంకా బాధ. చెయ్యి కోలుకోవడం ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది, ఆ తర్వాత కూడా జరుగుతుంది కానీ నెమ్మదిగా. ఆ మూడు నెలలు మన దగ్గర ఎలా పోతాయంటే, ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టి డిశ్చార్జ్ చేస్తారు, బీపీ మాత్రలు రాస్తారు, ఫిజియోథెరపీ చేయించుకోండి అని ఒక్క లైను రాస్తారు, అంతే. ఇంటికొచ్చాక చుట్టాలందరూ డాక్టర్లే, ఒకళ్ళు పావురం రక్తం రాయమంటారు, ఒకళ్ళు నాటు మందుకి తీసుకెళ్తామంటారు, మెడికల్ షాపులో నవ్వు మొహం ఉన్న పసుపు బంతి కొని చేతిలో పెట్టి రోజంతా నొక్కమంటారు. వేళ్ళు బిగుసుకుపోతున్న చేతికి కావాల్సింది తెరవడం, నొక్కడం కాదు, అది నొక్కీ నొక్కీ పిడికిలి ఇంకా బిగుసుకుపోయిన చేతులు నేను చాలా చూశాను. పైన కప్పుకి కప్పీ వేలాడదీసి తాడుతో పడిపోయిన చేతిని మంచి చెయ్యి పైకి లాగేలా కడతారు, దాంతో భుజం నొప్పి పట్టుకుంటుంది. ఇంకా ఘోరం ఏంటంటే పేషెంటుని మంచం మీంచి లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగడం. ఆ భుజాన్ని పట్టి ఉంచే కండరాలు అప్పటికే పని మానేసి ఉంటాయి, కీలు మధ్యలో వేలు దూరేంత సందు వస్తుంది, ఒక్కసారి నొప్పి మొదలైతే పేషెంటు ఆ చేతిని ఎవర్నీ ముట్టుకోనివ్వడు, ఇంక ఏ మిషనూ ఏమీ చెయ్యలేదు. చంక కింద, నడుం దగ్గర పట్టుకుని లేపాలి, కూర్చున్నప్పుడు ఆ చెయ్యి వేలాడకుండా ఒళ్ళో దిండు మీద పెట్టాలి, పడుకున్నప్పుడు కూడా అంతే. ఇది నేర్పడానికి ఎంతోసేపు పట్టదు, కానీ నేర్పే మనిషి ఆ ఇంటికి మొదటి వారంలో వెళ్ళాలి, మూడు నెలల తర్వాత కాదు.

అయితే ఇంట్లో వాళ్ళకి నేర్పేస్తే సరిపోతుంది కదా, ఫిజియో ఎందుకు అని కూడా అంటారు. అది కూడా మన దేశంలోనే చేసి చూశారు. అటెండ్ అనే ట్రయల్, 14 ఆసుపత్రుల్లో 1250 మంది మీద, 2017లో లాన్సెట్‌లో వచ్చింది. కుటుంబసభ్యుల్లో ఒకరికి ఆసుపత్రిలోనూ తర్వాత ఇంటి దగ్గరా శిక్షణ ఇచ్చి వాళ్ళ చేతే రిహాబిలిటేషన్ చేయించారు. ఆరు నెలలకి చూస్తే చనిపోయినవాళ్ళూ, ఇతరుల మీద ఆధారపడి బతుకుతున్నవాళ్ళూ కలిపి రెండు గ్రూపుల్లోనూ నూటికి 47 మంది, తేడా ఏమీ లేదు. నేను దాన్ని చదివినప్పుడు చాలా నిరాశపడ్డాను, ఎందుకంటే చవకగా అయిపోయే దారి అదేనని నేనూ ఆశ పెట్టుకున్నాను. ఇంటివాళ్ళకి వంట ఉంది, పిల్లలున్నారు, కూలి ఉంది, నేర్పినా రోజూ చెయ్యలేరు, చేస్తున్నది కరెక్టో కాదో చూసేవాళ్ళు లేరు. చూసి, మార్చి, ఈ వారం ఇది కాదు అది చెయ్యండి అని చెప్పే మనిషి వస్తూ ఉండాలి.

ఖరీదు లేని పద్ధతులు కూడా ఉన్నాయి, వాటి గురించి ఎవరూ యాడ్ వెయ్యరు. మంచి చేతికి గ్లవ్ తొడిగేసి పడిపోయిన చేత్తోనే పనులు చేయించడం ఒకటి. ఎడ్వర్డ్ టౌబ్ అనే ఆయన తెచ్చిన పద్ధతి, స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మంది మీద ఎక్సైట్ అని పెద్ద ట్రయల్ చేశారు, 2006లో ఫలితాలు వచ్చాయి, రెండు వారాలు మెలకువగా ఉన్న టైంలో చాలా భాగం మంచి చేతికి ఆ తొడుగు వేసి, రోజూ గంటల తరబడి ప్రాక్టీసు చేయిస్తే వచ్చిన మెరుగు ఏడాది తర్వాత కూడా నిలిచింది. అందరికీ పనికిరాదు, మణికట్టూ వేళ్ళూ కొంచెమైనా తెరుచుకోగలిగిన వాళ్ళకే, కింద పడే ప్రమాదం ఉన్నవాళ్ళకి చూసుకుని చెయ్యాలి. ఇంకోటి అద్దం. పడిపోయిన చేతిని అద్దం వెనక దాచి, మంచి చేతిని అద్దం ముందు కదిపితే రెండు చేతులూ కదుల్తున్నట్టు కనిపిస్తుంది, మెదడు దాన్ని పట్టుకుంటుంది. మన చెన్నైలో ఎంబీబీఎస్ చదివి తర్వాత అమెరికాలో స్థిరపడిన మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ గారి ఆలోచన ఇది. పూర్ణా మార్కెట్‌లో ఒక అద్దం కొనుక్కుంటే అయిపోతుంది, రోజుకి అరగంట. నా పేషెంట్లలో వేలు అస్సలు కదలని వాళ్ళకి నేను దీంతోనే మొదలుపెడతాను.

ఇప్పుడు మన ఊరి సంగతికొస్తాను. ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, పాడేరు కొండల మీద నుంచి స్ట్రోక్ కేసులు వస్తాయి, హనుమంతవాకలో విమ్స్ అనే ఇంకో ప్రభుత్వాసుపత్రి ఉంది. డిశ్చార్జ్ అయిన మనిషి వారానికి ఎన్నోసార్లు బస్సెక్కి మళ్ళీ అక్కడికి రాలేడు, ఒక కాలూ ఒక చెయ్యీ పనిచెయ్యని వాడిని ఇద్దరు పట్టుకుని ఆటోలో ఎక్కించి తేవాలి, ఆ ఇద్దరికీ ఆ రోజు కూలి పోతుంది. అందుకే నేను అడిగేది, మన కార్పొరేషన్ జీవీఎంసీ పరిధిలో ఉన్న అర్బన్ హెల్త్ సెంటర్లకి, నాలుగైదు సెంటర్లకి ఒకరు చొప్పునైనా ఫిజియోథెరపిస్టుని వెయ్యండి, డిశ్చార్జ్ అయిన స్ట్రోక్ పేషెంటు పేరు ఆ సెంటర్‌కి వెళ్ళేలా చూడండి, మొదటి వారంలో ఇంటికి మనిషి వెళ్ళేలా చూడండి. ప్రభుత్వం ఎన్టీఆర్ భరోసా కింద పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన వాళ్ళకి నెలకి 15000 పెన్షన్ ఇస్తోంది, చాలా మంచి పని, ఆ డబ్బుతో బతుకుతున్న ఇళ్ళు నాకు తెలుసు. ఆ స్థితికి చేరకుండా మొదటి మూడు నెలల్లో ఒక ఫిజియోని పంపడానికి అంత అవ్వదు కదా.

మిషన్ల మాటకొస్తే, మన పెదగంట్యాడ పక్కనే మెడ్‌టెక్ జోన్ ఉంది, వైద్య పరికరాలు తయారుచెయ్యడానికే పెట్టిన జోన్. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి వాళ్ళూ ఐఐటీ మద్రాసు వాళ్ళూ కలిసి ప్లూటో అని చేతికి ఒక చిన్న రోబో చేశారు, మణికట్టూ వేళ్ళూ ఆడించేది, టేబుల్ మీద పట్టేసేంత, ఇంట్లో కూడా పెట్టుకోవచ్చు అనే ఆలోచనతో. విదేశాల నుంచి కోట్లు పెట్టి తెచ్చి ఒక పెద్ద బిల్డింగులో పెట్టే మిషన్ కన్నా ఇలాంటివి మన జోన్‌లో తయారై హెల్త్ సెంటర్లలో అద్దెకి దొరికితే, ఆదివారం కూడా పేషెంటు ఇంట్లో కూర్చుని చేసుకుంటాడు, నేను వెళ్ళినప్పుడు ఆ కదలికని పనిలో పెట్టే సంగతి చూస్తాను. మిషనూ మనిషీ అలా కలిస్తే నాకన్నా సంతోషించేవాళ్ళు ఉండరు.

ఈలోగా డబ్బు కట్టబోయే వాళ్ళకి, దయచేసి కట్టే ముందు నాలుగు మాటలు అడగండి. మొదటిరోజు చెయ్యి ఏ స్థితిలో ఉందో కొలిచి కాగితం మీద రాసిస్తారా, మధ్యలో మళ్ళీ కొలుస్తారా. మిషన్ దగ్గర ఉండేది చదువుకున్న ఫిజియోథెరపిస్టా, లేకపోతే స్విచ్ వేసే మనిషా. మిషన్ అయ్యాక ఆ రోజే గ్లాసు పట్టడమో బొత్తాం పెట్టడమో ఏదో ఒక పని చేయిస్తారా. కొన్ని సెషన్లయ్యాక ఏమీ మారకపోతే మిగతా డబ్బు వెనక్కిస్తారా. వీటికి సూటిగా సమాధానం చెప్పే సెంటరైతే నేను కూడా వెళ్ళమంటాను. బంగారం పెట్టి మాత్రం కట్టొద్దు, స్ట్రోక్ వచ్చి మూడేళ్ళయినవాళ్ళకి మరీ మరీ చెప్తున్నా, వందశాతం గ్యారంటీ అనే మాట ఎవరన్నా అంటే అక్కడే లేచి వచ్చెయ్యండి, ఈ జబ్బులో గ్యారంటీ అనే మాట ఏ చదువుకున్నవాడూ అనకూడదు.

ఎడిటర్ గారూ, మీ పేపర్‌కి నాదొక విన్నపం. ఈసారి రోబో ఫిజియో వార్త వస్తే ఆ సెంటర్ వాళ్ళు చెప్పినదానితో పాటు ట్రయల్స్‌లో ఏం వచ్చిందో కూడా రెండు లైన్లు వెయ్యండి. యాడ్ అయితే యాడ్ అని వెయ్యండి. ఇంకోటి, వారానికోసారి మీ హెల్త్ పేజీలో చిన్న జాగా ఇవ్వండి, పెరాలసిస్ వచ్చిన మనిషిని ఎలా లేపాలి, ఎలా పడుకోబెట్టాలి, చెయ్యి ఎలా పెట్టాలి అని ఒక్కొక్కటీ ఫొటోతో వేద్దాం, కేజీహెచ్, విమ్స్‌లో ఫిజియోథెరపీ ఓపీ టైమింగ్స్ పక్కన వేద్దాం. రాసిచ్చేది నేను రాసిస్తాను, డబ్బులేమీ వద్దు, ఫొటోలకి మా ఇంటి పక్కనున్న పెద్దాయన ఒప్పుకున్నారు కూడా.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్ట్,
గాజువాక, విశాఖపట్నం